నంబరు చూసి చదివాను

ఒక పాథాలజీ పత్రిక గొప్పదో కాదో తేల్చుకోవడానికి చాలా ఏళ్లపాటు నేను చూసింది దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక్కటే. జర్నల్ క్లబ్‌కి పీజీలు పేపరు పట్టుకొస్తే, అందులో ఏముందో చూడకముందే "దీని ఐఎఫ్ ఎంతమ్మా?" అని అడిగేదాన్ని. తక్కువంటే ఆ పేపరు పక్కకి పోయేది. మా టేబుల్ మీదికి వచ్చేవి రొమ్ము గడ్డలు, థైరాయిడ్‌లు, గర్భసంచులు, లింఫ్ నోడ్‌లు. మెదడు బయాప్సీ ఎప్పుడో గానీ రాదు. అయినా పాథాలజీ పత్రికల పట్టికలో ఏళ్లుగా పైన ఉంటోందని యాక్టా న్యూరోపాథాలజికా చదివించాను. పిల్లలు వినయంగా చదివారు. మర్నాడు సైన్‌అవుట్‌లో అది ఒక్క స్లైడుకీ పనికిరాలేదు.

ఆ నంబరు ఎలా వస్తుందో నాకు తెలియక కాదు. గత రెండేళ్లలో పత్రిక వేసిన వ్యాసాలను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కగట్టి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. సమీక్షా వ్యాసాలు ఎక్కువ వేసే పత్రికకు అది పెరుగుతుంది. పరిశోధకుల సంఖ్య ఎక్కువున్న విభాగాల్లోనూ పెరుగుతుంది. 1960ల్లో యూజీన్ గార్ఫీల్డ్ దీన్ని వాడింది తన సైటేషన్ ఇండెక్స్‌లోకి ఏ పత్రికలను తీసుకోవాలో తేల్చుకోవడానికి. స్లైడు ముందు కూర్చున్న మనిషికి ఏది అక్కరకొస్తుందో చెప్పడానికి కాదు. ఇదంతా పీజీలకు నేనే పాఠం చెప్పాను. చెప్పి కూడా ఆ నంబరునే నమ్మాను.

ఒకసారి ఒక పీజీ 1991 నాటి హిస్టోపాథాలజీ పత్రికలోంచి ఎల్‌స్టన్, ఎల్లిస్ రాసిన పేపరు తెచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కి నాటింగ్‌హామ్ గ్రేడింగ్ అంటాం కదా, అదే. "పాతదమ్మా, అందరికీ తెలిసిందే. కొత్తది చూడు" అన్నాను. ఆ అమ్మాయి కాగితం మడవకుండా అక్కడే నిలబడింది. "మన మైక్రోస్కోప్ ఫీల్డ్ డయామీటర్ ఎంత మేడమ్? ఇందులో దాన్నిబట్టి మైటోసిస్ కటాఫ్‌లు మారుతున్నాయి."

నాకు తెలియదు. అన్నేళ్లుగా రొమ్ము క్యాన్సర్‌కి గ్రేడు రాస్తున్న నాకు, నేను కూర్చునే మైక్రోస్కోప్ ఫీల్డు ఎంత వెడల్పో తెలియదు.

ఐపీస్ తీసి చూశాం. దాని అంచు మీద 10ఎక్స్, పక్కనే 22 అని చెక్కి ఉంది. ఆ 22ని ఆబ్జెక్టివ్ పవర్ 40తో భాగిస్తే 0.55 మిల్లీమీటర్లు. గోడకు అంటించుకున్న కటాఫ్‌ల కాగితమేమో పాత మైక్రోస్కోప్‌ది. దాని ఐపీస్ నంబరు 18, అంటే ఫీల్డు 0.45. వెడల్పులో తేడా కొద్దిగానే కనిపిస్తుంది గానీ విస్తీర్ణం దాదాపు ఒకటిన్నర రెట్లు. పది ఫీల్డుల్లో 15 మైటోసిస్‌లు లెక్క తేలితే పాత కాగితం ప్రకారం 3 మార్కులు పడతాయి, కొత్త ఫీల్డుకి పడాల్సినవి 2. ట్యూబ్యూల్స్‌కి 3, న్యూక్లియస్‌కి 2 వచ్చిన గడ్డకి మొత్తం 7 రావాల్సిన చోట 8 వచ్చేస్తుంది. గ్రేడ్ 2 కాస్తా గ్రేడ్ 3 అవుతుంది. కీమో ఇవ్వాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఆంకాలజిస్ట్ చూసేవాటిలో గ్రేడ్ ఒకటి. కొత్త మైక్రోస్కోప్ వచ్చాక చూసిన కేసుల స్లైడ్‌లన్నీ బయటికి తీయించాను. మారిన వాటికి సవరించిన రిపోర్టులు పంపి, ఆంకాలజిస్ట్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. నేను పక్కన పెట్టించబోయిన ఆ పాత పేపరు ఆ గదిలో అందరికంటే ముందు చదవాల్సింది నేను.

రోజువారీ డయాగ్నసిస్‌కి మొదట చూడాల్సింది ఏదని ఇప్పుడెవరైనా అడిగితే, 1977లో మొదలైన అమెరికన్ జర్నల్ ఆఫ్ సర్జికల్ పాథాలజీ అంటాను. ఆ తర్వాత హిస్టోపాథాలజీ, మోడర్న్ పాథాలజీ. ప్రోస్టేట్ గ్లీసన్ గ్రేడింగ్‌లో 2005, 2014 సమావేశాల్లో వచ్చిన మార్పులను మనకు అందించింది మొదటి పత్రికే. పీజీలకైతే ఆర్కైవ్స్ ఆఫ్ పాథాలజీ అండ్ లేబరేటరీ మెడిసిన్ తెరిచి ఇస్తాను. క్లుప్తంగా, బోధనకు వీలుగా రాస్తారు, డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. రోజాయ్, డార్ఫ్‌మన్ తమ పేర్లతో నిలిచిపోయిన జబ్బును 1969లో వివరించింది అందులోనే. వ్యాధి ఎలా పుడుతుందో తెలియాలంటే జర్నల్ ఆఫ్ పాథాలజీకి వెళ్లాలి. 1847లో విర్కో మొదలుపెట్టిన పత్రిక ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది, అదీ చదవదగ్గదే. ఒక్కోసారి అసలు మార్పు పాథాలజీ పత్రికల్లో రానే రాదు. థైరాయిడ్‌లో ఒక రకం గడ్డకు క్యాన్సర్ అనే ముద్ర తీసేసి నిఫ్టీపీ అని కొత్త పేరు పెట్టిన 2016 నాటి పేపరు జామా ఆంకాలజీలో వచ్చింది. పాథాలజీ పట్టిక మాత్రమే పట్టుకుని కూర్చుంటే అది కంటపడదు.

మన పత్రికల విషయంలో చేసింది ఇంకా పెద్ద తప్పు. ఇండియన్ జర్నల్ ఆఫ్ పాథాలజీ అండ్ మైక్రోబయాలజీ, జర్నల్ ఆఫ్ సైటాలజీ వస్తే కేస్ రిపోర్టులేగా అని తిప్పేసేదాన్ని. రొమ్ము గడ్డ ఎఫ్ఎన్ఏసీ స్మియర్‌లో మైక్రోఫైలేరియా కనబడితే ఎవరిని అడగాలి? చుట్టూ తొడుగు ఉందా, తోక చివర న్యూక్లియస్‌లు లేకుండా ఖాళీగా ఉందా అని చూసి బాంక్రాఫ్టీ అని తేల్చుకోవడం నేర్పింది ఆ కేస్ రిపోర్టులే. ఫైలేరియా, లెప్రసీ, టీబీ మన నీడిల్ కిందికి వస్తాయి. వాటి మీద మనవాళ్లు రాసింది చదవకపోతే నష్టం మన పేషెంట్లకే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రమోషన్‌కి కావాల్సిన పేపర్లు ఏయే ఇండెక్స్‌లలో ఉన్న పత్రికల్లో రావాలో 2015లో మెడికల్ కౌన్సిల్ జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో ఉన్న ఏదో ఒక ఇండెక్స్ పేరు చూసుకుని, డబ్బు కట్టి ఒక పత్రికకు పంపాను. రివ్యూయర్ ప్రశ్న ఒక్కటీ రాకుండా పేపరు అచ్చయింది. ప్రశ్న రాలేదని అప్పుడు సంతోషించాను. అలాంటి ప్రచురణలు నడిపిన ఒక హైదరాబాద్ సంస్థ మీద 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు ఇచ్చింది. నా పేపరు వాళ్లది కాదు గానీ పద్ధతి అదే. అందులో నేను ఇచ్చిన మైటోసిస్ లెక్కలు కూడా ఆ గోడ మీది పాత కాగితంతో వేసినవే. రివ్యూయర్ అనే మనిషి ఒక్కడు ఉండి ఉంటే మొదట ఫీల్డ్ డయామీటరే అడిగేవాడు. ఇప్పుడు ఆ కేసులను మళ్లీ లెక్కపెడుతున్నాను. తేలిన తేడాలు రాసి ఆ పత్రికకు పంపుతాను. వాళ్లు వేసినా వేయకపోయినా నా బయోడేటాలోంచి ఆ పేపరు తీసేశాను.