నడవక అరిగిన బూటు

నా అడుగు ఊడింది నడిచి నడిచి కాదు, నడవక. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే కథ సగంలో మా సారు పెట్టే అమాయకపు మొహం చూసి మీరు ఆయన పక్షం చేరిపోతారు.

నేను ఎడమకాలి ట్రెక్కింగ్ బూటును. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. పైన తోలు, కింద పళ్లున్న రబ్బరు, మధ్యలో పాలీయూరిథేన్ అనే నురుగు పొర. రాయి మీద అడుగు పడ్డప్పుడు ఆ దెబ్బ మోకాలి దాకా పోకుండా కాచేది ఆ నురుగే. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో మా సారు నన్నూ నా కుడి జోడునూ తొడుక్కుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఇగ హిమాలయాలే" అన్నాడు. హిమాలయాల మాట దేవుడెరుగు, పాలమూరు పొలిమేర దాటితే చాలనుకున్నాను.

దాటాం. దసరా సెలవుల్లో దోస్తులతో భువనగిరి కోటకు పోయాం. అప్పటికి అది నల్లగొండ జిల్లాలోనే ఉండేది. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు కోట కట్టిన ఆ గుట్ట మొత్తం ఒకటే బండ. ఎత్తు ఐదొందల అడుగుల పైమాటే. వానలు వెనకపట్టినా బండ మీద నాచు ఇంకా ఎండలేదు. మెట్లు విడిచి అడ్డదారి పట్టిన చెప్పులవాళ్లు జర్రున జారి కూలబడ్డారు. నా పళ్లు మాత్రం బండను వదల్లేదు. పైన కుంటల్లో వాననీళ్లు నిండుగా ఉన్నాయి. గట్టున కూర్చుని సద్దులు విప్పారు. మా సారు నన్ను విప్పకుండానే కాళ్లు చాపుకుని, "పైసలు గిట్టినయిరా" అన్నాడు. నా జన్మలో విన్న ఒకే ఒక్క మెచ్చుకోలు అది.

2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరిలోనే. ఆమె బూట్లతో నాకు చుట్టరికం లేదు. కానీ ఆ బండ గరుకు నా అడుగుకూ తెలుసు. ఆ మాత్రం గర్వం నాకుండనివ్వండి.

ఆ తర్వాత మా సారుకు పెళ్లయింది, ప్రమోషన్ వచ్చింది, పొట్ట వచ్చింది. చివరిసారి వానలో తడిసొచ్చిన నన్ను ఆరబెట్టకుండానే పాలిథిన్ సంచిలో దూర్చి, మూతి బిగించి కట్టి, అటక ఎక్కించాడు.

అటక మీద నాకు తోడు పిడి ఊడిన కుక్కరు, పెళ్లినాటి ఇత్తడి బిందెలు, ఒక తాంబాళం. తాంబాళానిది రాజయోగం. ఏటా పెత్రమాస రాగానే మా అమ్మగారు స్టూలేసుకుని ఎక్కి దాన్ని దించేది. చింతపండుతో తోమితే తళతళలాడేది. తంగేడు, గునుగు పూలు మోసి, తొమ్మిది రోజుల ముచ్చట తీర్చుకుని మళ్లీ పైకొచ్చేది. దాన్ని దించేటప్పుడల్లా ఆమె చెయ్యి నా సంచిని పక్కకు జరిపేది. ఈసారి నన్నూ దించుతారేమోనని ప్రతి బతుకమ్మకూ ఆశపడ్డాను. జరపడమే తప్ప దించింది లేదు.

ఆ చీకట్లో నాకు జరిగింది ఎవరికీ కనబడలేదు. గాలిలోని తేమ ఈ పాలీయూరిథేన్‌ను లోలోపలే విడగొడుతుంది. వేడి, ఉక్క తోడైతే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. పైన తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల నురుగు పొడిబారి చిట్లుతుంటుంది. నడుస్తూ ఉంటే అడుగు వంగి, నలిగి, పట్టిన చెమ్మను బయటికి నెట్టేసుకుంటుంది. మూటగడితే ఆ దారీ మూసుకుపోతుంది. కొని ఊరికే దాచిన జత కూడా ఐదు నుంచి పదేళ్లలో ఇలా కూలిపోవచ్చు.

చివరికి ఒక చైత్రమాసంలో సంచి మూతి విప్పారు. దోస్తులంతా సలేశ్వరం బయల్దేరారట. 2016లో పాలమూరు నుంచి విడిపోయిన నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ ఉన్న లోయ అది. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్దిరోజులే జనాన్ని పోనిస్తారు. అక్కడి లింగమయ్యకు పూజారులు చెంచులే. మా సారు నా మీది దుమ్ము తుడిచి, "కొత్తదాని లెక్కనే ఉంది" అన్నాడు. ఒక్కసారి బొటనవేలితో నా పక్క నొక్కి చూసుంటే పగుళ్లు కనబడేవి. నొక్కలేదు.

ఫర్హాబాద్ దాటి, రాంపూర్ చెంచుపెంట దగ్గర బండి దిగి నడక మొదలుపెట్టాం. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, కాలికింద ఎండకు కాలిన రాళ్లు. దిగుడులో ఒంటి బరువంతా వేళ్లమీదికి వస్తుంది. అక్కడే నా ముందు భాగం తెరుచుకుంది. "అరేయ్, నీ బూటు నోరు తెరిచిందిరా" అన్నాడు వెనకాయన. అందరూ నవ్వారు. వట్టికాళ్లతో మమ్మల్ని దాటిపోతున్న ఒక ముసలమ్మ ఆగి చూసి, "గంత బరువెందుకు బిడ్డా? ఇడిసి నడువు, లింగమయ్య సూసుకుంటడు" అని సాగిపోయింది.

ఇంత దూరం పోయి నేను సలేశ్వరం గుండాన్ని చూడనే లేదు. చెప్పులు విడిచేచోట ఆగిపోవాల్సిందే కదా. నడి ఎండాకాలంలోనూ కొండ మీంచి దూకే నీళ్ల హోరు విన్నానంతే. తిరిగొచ్చిన మా సారు చల్లటి తడికాళ్లను నాలో పెట్టాడు. నాకు దక్కిన తీర్థం అదే.

ఎక్కేటప్పుడు అడుగు మొత్తం ఊడొచ్చింది. నురుగంతా పొడిపొడిగా దారిలో రాలింది. తువ్వాలు చింపి కట్టుకుని కుంటుతూ పైకి చేరాక, మా సారు నన్ను పొదల్లోకి విసరబోయాడు. పక్కనున్న దోస్తు చెయ్యి పట్టుకున్నాడు. "పులుల అడవిరా ఇది, నీ ఇంటెనక పెంట కాదు." అలా బతికి పాలమూరు చేరాను.

చెప్పులు కుట్టే ఆయన నన్ను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "కుట్టరాదు సారు, లోపలంత పిండయింది. సూదికి ఏం దొరకది. బంక పెట్టినా నిలవది." కొత్త జత కొన్నప్పుడన్నా మా సారు బుద్ధిగా నీడలో ఆరబెట్టి, గాలాడే చోట పెట్టి, అప్పుడప్పుడూ తొడుక్కుని వీధి చివరి దాకా నడిస్తే బాగుండు. కొండకు పోయే ముందు అడుగును వేలితో నొక్కి, వంచి చూడటానికి పైసా ఖర్చు కాదు.

నా రబ్బరు చెత్తబండి ఎక్కింది. తోలు మాత్రం గట్టిదేనని చెప్పులు కుట్టే ఆయన కోసి పెట్టుకున్నాడు. వారం తిరక్కుండానే కూరగాయలమ్మే ఒకామె చెప్పుకు మాసికనయ్యాను. ఆమె కోడికూతకే లేచి మార్కెట్‌కు నడుస్తుంది, పగలంతా వాడలు తిరుగుతుంది. పాత సంగతులు ఇంత తీరిగ్గా చెప్పుకోవడం ఇక నా వల్ల కాదు. చేతినిండా పని.