సోల్డరింగ్ నేర్చిన చేతికి ఇదా పని?

మా రోజుల్లో హిందూపురంలో ఒక కుర్రవాడు సోల్డరింగ్ ఐరన్ కొన్నాడంటే వీధంతా తెలిసిపోయేది. వారం తిరక్కుండా ఎవరో ఒకరు మూగబోయిన మర్ఫీ రేడియోను చంకన పెట్టుకుని వాడి గడప తొక్కేవారు. ఇప్పుడు కొడుకు చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్న సంగతి కన్నతల్లికి కూడా తెలియడం లేదు. గది తలుపేసుకుని అర్ధరాత్రి దాకా కూర్చుని ఏం చేస్తున్నారయ్యా అంటే, పొగ పీల్చే డబ్బా, అదే ఈ-సిగరెట్టు, చేస్తున్నారు. కోపం రాకుండా ఎట్లుంటుంది?

కళ్లారా చూశాను కాబట్టే రాస్తున్నాను. పాలిటెక్నిక్ చదివే పిల్లవాడొకడు, మా బంధువుల బిడ్డే, "తాతా, ఇది మధ్యమధ్యలో ఆగిపోతా ఉంది, కొంచెం చూడవా" అని తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే లోపల ఆర్డుయినో నానో బోర్డు, బొటనవేలంత వెడల్పున్న ఓలెడ్ డిస్‌ప్లే, ఒక మాస్‌ఫెట్, బటన్, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన 18650 సెల్లు. సెల్లుకు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. బటన్ నొక్కితే ఓల్టులు, వాట్లు, ద్రవాన్ని వేడిచేసే కాయిల్ ఎన్ని ఓములో అన్నీ డిస్‌ప్లే మీద వెలుగుతున్నాయి. సోల్డరింగ్ చూస్తే ముచ్చటేసింది. డ్రై సోల్డర్ ఒక్కటి లేదు. ప్రోగ్రాము కూడా వాడే రాసుకున్నాడంట. అంత పనితనమున్న చేతులు చేసింది ఊపిరితిత్తుల్లోకి నికోటిన్ తోసే యంత్రం!

మేము నేర్చుకున్న తీరు వేరు. ఏ చిన్న భాగం కావాలన్నా మీటరు గేజి బండెక్కి వంద కిలోమీటర్లు బెంగుళూరు పోవాల, ఎస్పీ రోడ్డు అంగళ్లు గాలించాల. ఏసీ 128 ట్రాన్సిస్టర్లు, ఓఏ 79 డయోడ్లు, గ్యాంగ్ కండెన్సరు, ఐఎఫ్‌టీ కాయిళ్లు, ఫెరైట్ రాడ్డు కాగితంలో పొట్లం కట్టించుకుని వచ్చేవాళ్లం. జెర్మేనియం ట్రాన్సిస్టరు వేడికి ఆగదు. దాని కాలును నోస్ ప్లయర్‌తో పట్టుకుంటే వేడి ప్లయర్‌లోకి దిగిపోతుంది. లెడ్డు కరిగి మెరిసిన క్షణంలోనే ఐరన్ తీసేయాల. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే ట్రాన్సిస్టరు పోయినట్టే, మళ్లీ బెంగుళూరు బండి ఎక్కాల్సిందే. అంతా అయ్యాక ఐఎఫ్‌టీ కోర్లను 455 కిలోహెర్ట్జ్‌కు తిప్పుకుంటూ కూర్చుంటే గరగరల మధ్య నుంచి ఆకాశవాణి కడప కేంద్రం గొంతు తేటగా బయటికొచ్చేది. ఆ గొంతు ఒకరి కోసం కాదు. ఇంటిల్లిపాదికీ, అరుగు మీద కూర్చున్న పక్కింటివాళ్లకూ, బుడ్డల ధర ఎంత పలికిందో తెలుసుకుందామని వచ్చిన రైతుకూ అందరికీ. ఆ రేడియో వినడానికి కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుం కట్టేవాళ్లం.

మా కాలంలో పొగ లేదని నేను అనడం లేదు. బీడీలు తాగినవాళ్లు, నస్యం పీల్చినవాళ్లు, దగ్గి దగ్గి చచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అది మంచిదని ఏనాడూ ఎవరూ చెప్పలేదు. కానీ బీడీ కంపు దాచినా దాగేది కాదు. స్కూలు గోడ చాటున ఒక దమ్ము లాగితే సాయంత్రానికల్లా నాయనకు తెలిసి వీపు పగిలేది. ఇప్పుడీ డబ్బా మామిడిపండు వాసన వేస్తుంది, పుదీనా వాసన వేస్తుంది. పుస్తకాల సంచిలో పెన్నుల పక్కన పడి ఉంటుంది. తల్లి చేత్తో తీసి చూసినా అదేంటో గుర్తుపట్టదు. నాకు ఎక్కువ మండేది ఇక్కడే.

"సిగరెట్టు మానడానికి కనిపెట్టినారు తాతా దీన్ని" అని వాడు నాకు పాఠం చెప్పినాడు. కనిపెట్టినవాడి సంగతి నిజమే. 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు దీన్ని తయారుచేశాడు. ఆయన సిగరెట్లకు బానిసైన మనిషి, తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. మరి మన పిల్లవాడో? జన్మలో సిగరెట్టు ముట్టలేదు. మానడానికి వీడికి ఏముందని? లేని అలవాటును సొంతంగా సర్క్యూటు కట్టుకుని మరీ తెచ్చుకున్నాడు.

చట్టం సంగతీ వీళ్లకు తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. అమ్మడం, దిగుమతి చేసుకోవడమే నేరమనుకుంటే పొరపాటు. తయారీ అంటే పరికరాన్ని గానీ దాని భాగాన్ని గానీ చేయడం, కూర్చడం అని ఆ చట్టం విడమరిచి చెప్పింది. లోపల పోసే ద్రవంలో నికోటిన్ ఉన్నా లేకున్నా ఒకటే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. ఇంట్లో నా కోసమే చేసుకున్నా అంటే చెల్లదు. పాలిటెక్నిక్ పట్టా చేతికి రాకముందే పిల్లవాడి మీద కేసు పడితే ఆ తల్లిదండ్రుల గతేం కావాల?

ఇక వాడు అడిగిన రిపేరు. నేను విప్పి చూసింది ఆ కారణం కోసమే. డిస్‌ప్లే మీద కాయిల్ 0.3 ఓములని ఉంది. నిండా చార్జయిన సెల్లు 4.2 ఓల్టులు. భాగిస్తే 14 ఆంపియర్లు. ల్యాప్‌టాప్‌లో వాడే మామూలు సెల్లు నాలుగైదు ఆంపియర్లకు చేసింది. బటన్ నొక్కగానే సెల్లు ఓల్టేజీ ధబాలున పడిపోయి బోర్డు రీసెట్ అవుతోంది. వాడికి అది ప్రోగ్రాములో తప్పులాగా కనిపించింది. నాకు అది సెల్లు పెట్టే మొర. ఇంకో సంగతి, కాయిల్‌కు కరెంటు వదిలే స్విచ్చులాంటి మాస్‌ఫెట్ పాడైతే చాలాసార్లు షార్టయిపోతుంది. అప్పుడు బటన్ వదిలినా కరెంటు ఆగదు, ప్రోగ్రాము ఎంత బాగా రాసినా ఆగదు. సెల్లు ఉడికిపోయి మంట చిమ్ముతుంది, అదీ మొహానికి జానెడు దూరంలో. 2018లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇట్లాంటి పరికరం పేలి ముక్కలు తలలోకి దూసుకుపోయి ఒక మనిషి చనిపోయాడు. మా రేడియోకు నాలుగు టార్చి సెల్లులు, ఆరు ఓల్టులు. తప్పు చేస్తే సెల్లు అరిగేది, అంతే.

ద్రవం మాటో? ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసనకు ఏవో రసాయనాలు. కాయిల్ మరీ వేడెక్కితే గ్లిజరిన్ విరిగి అక్రోలిన్ పుడుతుంది, ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. 2019లో అమెరికాలో ఈ డబ్బాలు పీల్చినవాళ్లు ఊపిరాడక ఆస్పత్రుల్లో పడ్డారు. 2020 ఫిబ్రవరి లెక్కకు 2,807 మంది, అందులో 68 మంది చనిపోయారు. ముఖ్య కారణం గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేల్చారు. మింగితే, ఒంటికి పూసుకుంటే హాని చేయని పదార్థమే. ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీసింది. ఊరూ పేరూ లేని సీసా కొని పీల్చే పిల్లవాడికి అందులో ఏముందో ఎవరు చెప్తారు?

సెల్లు ఊడదీసి నా దగ్గరే పెట్టుకున్నాను. కాయిల్ కత్తిరించి పారేశాను. బోర్డు, డిస్‌ప్లే మాత్రం వాడి చేతిలో పెట్టి, వీటికి మన సీమలో పని లేదా అని గట్టిగానే అడిగాను.

పని లేకపోవడమేమి! హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు గూళ్లు తెచ్చే రైతు షెడ్డుకు పోయి చూడండి. చాకీ పురుగులకు, అంటే పసి పురుగులకు, 26 నుంచి 28 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ ఉండాల. నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచి పెద్ద పురుగులయ్యాక 24, 25 డిగ్రీలు, 70 శాతం చాలు. చలికాలం రాత్రి ఇది తప్పిందంటే పురుగు ఆకు తినదు, గూడు పలచబడుతుంది. ఆడమనిషి నడిరేయి లేచి బొగ్గుల కుంపటి రగిలిస్తుంది, తడి గోనెపట్టలు కడుతుంది, గోడకున్న థర్మామీటరు టార్చి వేసి చూస్తుంది. కాయిల్ వేడిని కనిపెట్టి పెంచి తగ్గించే ప్రోగ్రాము రాసినవాడికి, ఈ షెడ్డుకు హీటరు, ఫాగర్ నడిపించే ప్రోగ్రాము రాయడం ఎంత పని? సెన్సరు మారుతుంది, రిలే చేరుతుంది. బోర్డు అదే, డిస్‌ప్లే అదే.

ధర్మవరం పోండి. మగ్గం మీద జకార్డు అట్టలు చూడండి. బెజ్జం ఉంటే కొక్కెం పైకి లేస్తుంది, లేకుంటే లేవదు. 1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన పెట్టిన ఈ పద్ధతీ, పిల్లల ప్రోగ్రాముల్లోని ఒకటీ సున్నా లెక్కా ఒకటే. ఆ జకార్డు బరువును రోజంతా కాలితో తొక్కి తొక్కి మోకాళ్లు అరిగిన నేతన్నలు ఇంటింటా ఉన్నారు. తెలంగాణలోని ఆలేరు దగ్గరి నేతన్న చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపినవాడు. నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పే ఆసు పోసి పోసి తల్లి భుజం పోతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే, లక్ష్మి ఆసు యంత్రమని పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో కూర్చుని యంత్రం చేయడమంటే అదీ.

పెనుకొండ సంగతి సరేసరి. ఎర్రమంచి దగ్గర కియా కంపెనీలో 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఒక్కో కారులో మైక్రోకంట్రోలర్లు పదుల్లో ఉంటాయి. ఈ విద్య వచ్చిన పిల్లలకు బువ్వ పెట్టే ఫ్యాక్టరీ కళ్లెదుటే ఉంది. మాకు ఆ రోజుల్లో రైలెక్కి వలస పోవడమొకటే దారి.

అమ్మల్లారా, అయ్యల్లారా, పిల్లవాడు సోల్డరింగ్ చేస్తుంటే తిట్టి మాన్పించకండి. పక్కన కూర్చుని అదేమిటో అడగండి. డబ్బాకు పీల్చే గొట్టం ఉంటే సెల్లు తీసేయండి. అప్పటికే అలవాటు పడి ఉంటే కొట్టినంత మాత్రాన నికోటిన్ వదలదు. పొగాకు మానదలచినవారికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను 1800112356, దానికి ఫోన్ చేయించండి. పిల్లలారా, పట్టుపురుగుల షెడ్డుకు కంట్రోలర్ కడతామంటే నా బల్ల దగ్గరికి రండి. మల్టీమీటరు, ఐరన్, లెడ్డు అన్నీ ఉన్నాయి. నేర్పించడానికి నేను సిద్ధం.