తీర్పు రిజర్వులో ఉంది

సుప్రీంకోర్టులో ఏ కేసు ఎప్పుడు బెంచి ముందుకొస్తుందో చెప్పేది కాజ్ లిస్టు. ముందస్తు జాబితా, వారం జాబితా, రోజువారీ జాబితా అని ఇందులో అంచెలున్నాయి. సోమ, శుక్రవారాలు ప్రధానంగా కొత్త పిటిషన్లవి. చాలావాటికి నిమిషాల్లోనే నూకలు చెల్లుతాయి. అరవయ్యో నంబరు పడ్డ కక్షిదారు సాయంత్రం దాకా తెర మీద మారే అంకెలు చూసి, వాయిదా పుచ్చుకుని రైలెక్కుతాడు.

1950లో 8 ఉన్న జడ్జీల పోస్టులు 2019లో 34కు చేరాయి. పెండింగు కేసులు 80 వేలు దాటాయి. పందెంలో ఎవరు ముందున్నారో వేరే చెప్పాలా?

వాదనలు ముగిస్తే తీర్పు రిజర్వు అవుతుంది. దాన్ని కదిలించడంలో పదవీ విరమణను మించిన మందు లేదు. 68 రోజులు వాదనలు నడిచిన కేశవానంద భారతి కేసు తీర్పు 1973 ఏప్రిల్ 24న, సరిగ్గా ప్రధాన న్యాయమూర్తి సిక్రీ విరమణ ముంగిట వెలువడింది.

వాదనల దాకా రావడానికే ఏళ్లు పట్టేవాటి సంగతి వేరు. 2016 నాటి పెద్ద నోట్ల రద్దు సబబేనని 2023 జనవరి 2న నలుగురు జడ్జీలు తేల్చారు, ఒకరు కాదన్నారు. రద్దయిన నోట్ల మాట అటుంచి, వాటి బదులు పుట్టిన 2 వేల నోటు అచ్చు కూడా అప్పటికే ఆగిపోయింది.

ఆలస్యం మీదా ఒక తీర్పుంది. రిజర్వు చేసి మూడు నెలలు దాటితే తొందరపెడుతూ దరఖాస్తు చేసుకోవచ్చని, ఆరు నెలలైతే బెంచి మార్చమని అడగవచ్చని 2001లో అనిల్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది హైకోర్టులకు.