ఉద్యోగ జీవన నాణ్యతాచార్యులు

ఉద్యోగుల సుఖదుఃఖములు ప్రశ్నావళిలోని గడులయందు తప్ప మరెచ్చటను నివసింపవని దృఢముగా నమ్మిన ఆచార్యులొకరు మన విశ్వవిద్యాలయముల వాణిజ్యశాస్త్ర విభాగములలో తప్పక దర్శనమిత్తురు. వారి పరిశోధనా విషయము ‘ఉద్యోగ జీవన నాణ్యత’. ఏండ్ల తరబడి విషయమదియే. మారునది సంస్థ మాత్రమే. నిన్న బ్యాంకులు, నేడు ఓడరేవు, రేపు ఆసుపత్రి నర్సులు.

1973లో రిచర్డ్ వాల్టను అను అమెరికను పండితుడు న్యాయమైన వేతనము, క్షేమకరమైన పరిసరములు మొదలగు ఎనిమిది లక్షణములను నిర్ణయించినాడు గదా, ఆ ఎనిమిదియు వారికి నిత్యపారాయణము. అందు కొలువు కుటుంబజీవితమును కబళింపరాదను ఏడవ లక్షణముపై రాయు వ్యాసమును మాత్రము ఆదివారము ఉదయమున, తమ యింట, పరిశోధక విద్యార్థిచే టైపు చేయించుట ఆచారము.

ఆ విద్యార్థి సంగతి కొంత విస్తరించి చెప్పవలెను. అతని బల్లపై నున్న ట్యూబులైటు ముప్పొద్దుల మినుకుమినుకు మనుచుండును. ‘సార్, ఆ లైటు మార్పిస్తే కళ్ళనొప్పి తగ్గుతుందండీ’ అని అతడొకనాడు విన్నవింపగా, ఆచార్యులవారు కళ్ళజోడు తీసి, తుడిచి, 1924లో చికాగో సమీపమున హాథార్ను కర్మాగారమున ఆరంభమైన దీపప్రయోగములను గూర్చియు, వెలుగు పెంచినను తగ్గించినను ఉత్పత్తి పెరుగుచునే యుండెనని చెప్పుకొను కథను గూర్చియు ముప్పావుగంట ప్రసంగించి, ‘చూశావటయ్యా, వెలుగులో ఏమీ లేదు. మనల్ని ఒకరు పట్టించుకుంటున్నారన్న భావనలో ఉంది’ అని ముగించి, పట్టించుకొనకుండ లేచిపోయిరి.

ఇక ప్రశ్నావళి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున ఉమ్మితొట్లకు ప్రత్యేకముగా నొక సెక్షను ఉండెను గనుక, అందు వానిని గూర్చియు నొక ప్రశ్న: ‘సంస్థలోని ఉమ్మితొట్ల వసతిపట్ల మీరు సంతృప్తి చెందియున్నారా?’ విశాఖపట్టణపు కర్మాగారమొకదానిలో నోటినిండ కిళ్ళీ గల కార్మికుడొకడు దీనిని చదివి, జవాబు చెప్పుటకై లేచి, గోడవారకు పోయివచ్చి, ‘సంతృప్తి’ గడిలో టిక్కు పెట్టెను.

భోజనవిరామమా అరగంట. ఆ అరగంటలో అన్నమును తినవలెను, ప్రశ్నలకును బదులీయవలెను. కావున ఒకడు నాలుగవ గడిలో తలనుండి పాదము వరకు నిలువుగా టిక్కులు దింపును. వేరొకడు రెండవ గడిలో దింపును. తగవులు గిట్టని మూడవవాడు నట్టనడిమి గడిని ఆశ్రయించును. వీనికి 1951లో క్రోన్‌బాక్ ప్రకటించిన ఆల్ఫా సూత్రమును తగిలించినచో, ఒక్కొక్కరును అన్ని ప్రశ్నలకు ఒకే తీరు జవాబిచ్చినందున, విశ్వసనీయత ఇంచుమించు ఒకటికి చేరుకొనును. చదువకుండ నింపిన కాగితములే పరమ విశ్వసనీయములగు ఈ చోద్యము నాకు భలే నచ్చినది. ఆచార్యులవారికి నాకన్న ఎక్కువ నచ్చినది. ‘డేటా బంగారమయ్యా!’ అని వారు మురిసిపోయిరి.

2010లో యు.జి.సి. వారు అచ్చయిన వ్యాసములకు మార్కులు గట్టి పదోన్నతుల నిచ్చు పద్ధతి తెచ్చిన పిదప ఆ బంగారమును రేకులుగా సాగగొట్టుట మొదలైనది. పురుష కార్మికుల సంతృప్తి యొక వ్యాసము, స్త్రీల సంతృప్తి వేరొకటి, రాత్రి షిఫ్టువారిది ఇంకొకటి. ఉద్యోగులను నిర్ణయములలో భాగస్వాములను చేయవలెనను సూచన మాత్రము అన్నింటికిని ఉమ్మడి ఆస్తి. ఆ వ్యాసములలో తన పేరు ఎన్నవదిగా వచ్చునో విద్యార్థికి అచ్చుపుస్తకము చేతికి వచ్చినప్పుడే తెలియును.

కాగితములు పోగుచేయునాడు కిళ్ళీ కార్మికుడు, ‘ఇవన్నీ నింపితే పెమోషనేటైనా వస్తాదేటి సార్?’ అని యడిగెను. ‘తప్పకుండా వస్తుంది’ అని ఆచార్యులవారు హామీ యిచ్చిరి. మరుసటి యేడు వచ్చినది. సన్మానసభకు శాలువయు, పూలదండయు కొనితెచ్చినది ఆ విద్యార్థియే.