పంతుళ్లకు బడి

చిన్నపిల్లలకు అఆలు దిద్దించాలంటే డీఎడ్ చేయాలి. హైస్కూల్లో చెప్పాలంటే బీఎడ్ ఉండాలి. యూనివర్సిటీలో చెప్పడానికి మాత్రం నెట్టో పీహెచ్‌డీయో ఉంటే చాలు, పాఠం చెప్పడం వచ్చా అని ఎవరూ అడగరు. ముందు ఉద్యోగం, ఆనక శిక్షణ.

1986 జాతీయ విద్యావిధానం వచ్చాక యూజీసీ ఈ పని కోసం అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. చాలా ఏళ్లకు అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ మొదలయ్యాక పేరు మళ్లీ మారింది. అందరికంటే ముందు కెరీర్ అడ్వాన్స్‌మెంట్ దొరికింది బోర్డులు రాసే పెయింటరుకే.

మాకు దొరకాలంటే దారి వేరు. జీతాల్లో పదో లెవెల్ నుంచి పదకొండుకు ఎక్కాలంటే, పీహెచ్‌డీ ఉన్నా నాలుగేళ్ల సర్వీసు నిండాలి. 2018 నిబంధనల ప్రకారం 21 రోజుల ఓరియంటేషన్, దాని మీద రిఫ్రెషరో మరొకటో పూర్తిచేసి ఉండాలి. మాలో జ్ఞానతృష్ణ సరిగ్గా నాలుగో ఏట మొదలయ్యేది అందుకే.

మా ఓరియంటేషన్ మొదటిరోజే వెనక వరసలు ముందు నిండాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లు మొదటి వరసలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. రిసోర్స్ పర్సన్ గారు "ఉపన్యాస పద్ధతికి కాలం చెల్లింది" అంటూ గంటన్నర ఉపన్యసించారు. తెర మీద అక్షరాలు చీమలబారులా సాగుతున్నాయి. ఒక స్లైడులో ఆరు లైన్లు మించరాదన్న సూచన పద్నాలుగో లైనులో ఉంది.

భోజనాలయ్యాక బ్లూమ్స్ ట్యాక్సానమీ. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం కట్టిన మెట్లకు 2001లో మరమ్మతు చేశారట. ఇప్పుడు అడుగున జ్ఞాపకం, కొసన సృజన. గుత్తివంకాయ, పెరుగన్నం దిగాక మేమెవరమూ అడుగుమెట్టు కూడా ఎక్కలేకపోయాం. డెబ్బయ్యైదు శాతం హాజరు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వనని పిల్లల్ని హడలెత్తించే కామర్స్ మేడం, సంతకాల కాగితం నా వైపు జరిపి, "సార్, సాయంత్రానిది కూడా ఇప్పుడే పెట్టేయొచ్చా?" అని గుసగుసలాడారు.

అసలు వేడుక మైక్రో టీచింగ్. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి ఇది. తక్కువ సమయంలో చిన్న పాఠం చెప్పి, ఒక్క నైపుణ్యం చూపాలి. మాకిచ్చింది ఐదు నిమిషాలు. తెలుగు సార్ "వేదికనలంకరించిన పెద్దలకు" అని ఎత్తుకుని, పెద్దలందరికీ నమస్కారాలు ముగించేసరికి గంట మోగింది. కెమిస్ట్రీ సార్ టైట్రేషన్ చెప్పి "అర్థమైందా?" అన్నారు. విద్యార్థుల వేషంలో ఉన్న చరిత్ర, కామర్స్, సంస్కృతం వాళ్లం "అయింది సార్!" అని ముక్తకంఠంతో పలికాం. మా పిల్లలు ఇన్నాళ్లూ మా మీద ఎంత దయ చూపుతున్నారో అప్పుడు తెలిసింది.

చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష ఉంటుందన్నారు. "ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి సార్" అని అడిగిన పాపానికి పిల్లల్ని నిలబెట్టి, చదువు మార్కుల కోసం కాదని క్లాసు పీకే ఫిజిక్స్ సార్ మెల్లిగా చెయ్యెత్తారు.

"సార్, రేపటికి ఏ స్లైడ్లు ముఖ్యమో కాస్త చెబితే..."

ఒక్కరూ నవ్వలేదు. అందరం పెన్ను మూతలు తీశాం.