గుట్టుకు సంతకం

ఏది వ్యాపార రహస్యమో 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందం ట్రిప్స్ 39వ అధికరణం తేల్చింది. అది నలుగురికీ తెలియనిదై ఉండాలి. తెలియకపోవడం వల్లే దానికి విలువ ఉండాలి. దాచుకోవడానికి యజమాని తగిన జాగ్రత్త తీసుకొని ఉండాలి. బీరువా తాళాలు బల్లమీద పడేసి కోర్టుకెక్కేవారికి ఇందులో దిక్కు లేదు.

ఈ విషయంలో భారత ప్రభుత్వానిది ముచ్చటైన చరిత్ర. 1977లో జనతా సర్కారు కోకాకోలాను వాటా 40 శాతానికి తగ్గించుకోమంది, పనిలో పనిగా ఫార్ములా కూడా అప్పజెప్పమంది. కంపెనీ ఫార్ములాను చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది. ఖాళీ అయిన సీసాల్లోకి ప్రభుత్వం డబుల్ సెవెన్ అనే తన కోలాను దింపింది. జనం రుచి చూసి, ఊరుకున్నారు. 1989లో ఉరుగ్వే రౌండ్ వాణిజ్య చర్చల్లో వ్యాపార రహస్యం మేధోసంపత్తి కానే కాదని వాదించిన ఢిల్లీ, 1994 ఏప్రిల్‌లో మరాకేష్‌లో ట్రిప్స్ మీద సంతకం పెట్టేసింది. అప్పటికే కోకాకోలా తిరిగొచ్చి ఆర్నెల్లు కావస్తోంది. ఫార్ములా ఊసు ఎవరూ ఎత్తలేదు.

సంతకం అయితే అయింది గానీ చట్టం రాలేదు. ట్రిప్స్ రక్షణ కల్పించమంటుందే తప్ప ప్రత్యేక చట్టం చేసితీరాలనదు. ఆ సందు చాలు. ఎవరైనా అడిగితే 1872 నాటి కాంట్రాక్టు చట్టాన్ని దుమ్ము దులిపి చూపిస్తారు. అందులో 27వ సెక్షనేమో ఒకరి వృత్తి వ్యాపారాలకు అడ్డుపడే ఒప్పందాలు చెల్లవంటుంది. అంటే ఉద్యోగి పోటీ కంపెనీకి వెళ్తానంటే ఆపడం కష్టం, అతని బుర్రను గేటు దగ్గర తనిఖీ చేయడం ఇంకా కష్టం. 2024 మార్చిలో లా కమిషన్ వ్యాపార రహస్యాలపై తన 289వ నివేదికకు ముసాయిదా బిల్లును కూడా జతచేసి ఇచ్చింది.

మందుల పరీక్షల డేటా దగ్గర మాత్రం ఢిల్లీకి నిద్ర రాదు. ఆ డేటాను అన్యాయమైన వాణిజ్య వినియోగం నుంచి కాపాడాలని ట్రిప్స్ 39వ అధికరణం మూడో క్లాజు చెబుతుంది. దీన్ని కొన్నేళ్ళ గుత్తాధిపత్యంగా చదవాలని ధనిక దేశాలు ప్రతి కొత్త ఒప్పందంలోనూ పట్టుబడతాయి. అలా చదివితే హైదరాబాదు జెనెరిక్ కంపెనీలు అన్నాళ్ళూ చేతులు కట్టుకు కూర్చోవాలి.

పసిఫిక్ తీర దేశాల వాణిజ్య ఒప్పందం టీపీపీ ఇంకో మెట్టు ఎక్కింది. రహస్యం దొంగిలిస్తే నేరశిక్ష వేసేలా సభ్యదేశాలు చట్టాలు చేసుకోవాలంది. అందులోని మేధోసంపత్తి అధ్యాయం ముసాయిదాను కూడా రహస్యంగానే రాసుకున్నారు, 2013లో వికీలీక్స్ బయటపెట్టింది. 2017లో అమెరికా తప్పుకున్నాక, మిగిలిన 11 దేశాలు అది పెట్టించిన నిబంధనల్లో చాలావాటిని పక్కన పెట్టాయి. నేరశిక్షను మాత్రం ఉంచుకున్నాయి.