నాలుగున్నర మీటర్ల అవతల

నాలుగున్నర మీటర్లకన్నా దగ్గరకొచ్చినదేదీ నాకు సరిగా కనబడదు. నా పుట్టుకే అలాంటిది. ఎదురుగా నిలబడి నవ్వే మనిషి ముఖం నాకు ఉత్త మసక. చెరువు అవతలి గట్టున తుమ్మకొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్ట కంట్లో మెరిసే సూర్యుడి చుక్క మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

నేను 500 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్స్‌ని. 1999లో కేనన్ సంస్థ తెచ్చిన ఎఫ్/4 రకం. బరువు 3.87 కిలోలు. నా లోపల 17 గాజులుంటాయి, వాటిలో ఒకటి ఫ్లోరైట్ స్ఫటికం. తెల్లకొంగ రెక్క అంచున ఊదా గీత పడకుండా కాపాడేది అదే. దానికి వేడి పడదు, అందుకే నా ఒంటికి తెల్లరంగు వేశారు. ముందు గాజు ఎందుకంత పెద్దదని బడిపిల్లలు అడుగుతుంటారు. 500ని 4తో భాగించి చూడండి, 125 మిల్లీమీటర్లు వస్తుంది. నోరు అంత తెరిస్తేనే, పొద్దు పొడిచే వేళ మేతకు లేచే పిట్ట రెక్కను సెకనులో 2000వ వంతులో ఆపేంత వెలుగు లోపలికి చేరుతుంది.

నెల్లూరులో ఉద్యోగ విరమణ చేసిన ఒక డ్రాయింగ్ మాస్టారు నన్ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పటినుంచీ ఆయన భుజమే నా ఇల్లు. ట్రైపాడ్ మీద గింబల్ హెడ్ బిగించి నన్ను అందులో కూర్చోబెడితే నా బరువు నాకే తెలియదు, వేలితో తోస్తే తిరుగుతాను. జీపులో ట్రైపాడ్‌కి చోటుండదు కనుక కిటికీ మీద బియ్యం నింపిన గుడ్డసంచి వేసి, దాని మీద ఆనిస్తారు. ఎంత ఖరీదైన సరంజామా అయినా ఆ సంచి ముందు తలవంచాల్సిందే.

చేతికి గీత తెలిసిన మనిషి కాబట్టి ఆయనకు పిట్ట ఒళ్లు తెలుసు. ఎగరబోయే ముందు కొంగ మెడ ఎలా ముడుస్తుందో, కాళ్లు ఎంత వంచుతుందో చూసి వేలు సిద్ధం చేసుకుంటారు. పెద్ద పిట్టలు గాలికి ఎదురుగా లేస్తాయి. గాలీ పొద్దుటి ఎండా రెండూ తన వీపు వెనక ఉండేలా నిలబడితే పిట్ట ముఖం ఇటే వస్తుందని ఆయనకు చెరువులే నేర్పాయి. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ నిలబడితే కెమెరా మోసపోతుంది. చీకటే ఎక్కువుందనుకొని వెలుగు పెంచేస్తుంది, కొంగ సున్నపు ముద్దయిపోతుంది. మాస్టారు ముందే వెలుగు తగ్గించి పెడతారు. అప్పుడు ఒక్కొక్క ఈక విడివిడిగా వస్తుంది.

నేలపట్టు చెరువుకి ఏటా చలికాలం పోతాం. దొరవారిసత్రం దగ్గర ఆ చెరువు నీళ్లలో కడప చెట్లుంటాయి. వాటి మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. పిల్లల కోసం అవి చేపలు మోసుకొచ్చే సందడి, మూతికింద సంచి ఊగడం, పిల్ల తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి తినడం చూస్తుంటే, నాకు ఊపిరంటూ ఉంటే ఆగిపోయేదే. ఒకసారి మాస్టారి పక్కన చిన్న లెన్స్ తెచ్చుకున్న ఒక కుర్రాడు నిలబడ్డాడు. ఫ్రేము నిండటం లేదని గట్టు దిగబోయాడు. కాపలా పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు నాయనా. నువ్వు దిగితే తల్లులు లేస్తాయి. అవి లేచాయంటే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. కాకులు ఎత్తుకుపోతాయి."

"రెండే నిమిషాలు పెద్దాయనా..."

"కాకికి రెండు నిమిషాలు చాలవా?"

మాస్టారు ఆ అబ్బాయిని పిలిచి తన చోటు ఇచ్చి నన్ను అప్పగించారు. నా బతుక్కి అర్థం ఆ గట్టు మీదే దొరికింది. పిట్టకు దగ్గరగా పోనక్కర్లేకుండా చేయడానికే నన్ను చేశారు. ఇంత బరువు, ఇంత ఖరీదు అందుకోసమే. నన్ను పట్టుకొని కూడా గూటి మీదకి నడిచేవాళ్లున్నారు. గూళ్ల కాలంలో ఫోన్‌లో తోటి పిట్ట కూత వినిపించి మగపిట్టను బయటికి రప్పించేవాళ్లున్నారు. తన జాగాలోకి ఇంకొకడు చొరబడ్డాడని అది మేత మాని తిరుగుతుంది. అలా తీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా నాకు కడుపు మండుతుంది.

మా వంశంలో తొలివాళ్లకు నావంటి చూపు లేదు. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే అన్నదమ్ములు 1892లో గుడ్లున్న పిట్టగూటిని ఫోటో తీశారు. అప్పటి కెమెరాలతో దూరం నుంచి తీయడం కుదరదు కాబట్టి తర్వాత బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దూరి పిట్టల దగ్గరకు పోయేవారు. 1937లో ఎరిక్ హాస్కింగ్ అనే ఫోటోగ్రాఫర్ గుడ్లగూబ గూటి దగ్గర ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అయినా పిట్టల్ని వదల్లేదు.

నాకు చేతకానివీ ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. పొద్దున్నే అయితే ఆ రోడ్డు పక్కనుంచే ఫ్లెమింగోలు తల కిందులు చేసి మేసే ముక్కు వంపు దాకా చూపిస్తాను. ఎండెక్కితే బురద మీద గాలి మరిగి అలలు కడుతుంది. అప్పుడు గులాబీ రంగు పిట్టలన్నీ వణుకుతున్న మరకలే. చూపును 1.4 రెట్లు పెంచే కన్వర్టర్ తగిలించి నన్ను 700 మిల్లీమీటర్లు చేసినా లాభం లేదు, ఆ వణుకే ఇంకా పెద్దగా కనబడుతుంది. మాస్టారు అప్పుడు మారుమాట లేకుండా నన్ను సంచిలో పెట్టేస్తారు.

కడప జిల్లా కలివికోడి దగ్గరైతే నేను పూర్తిగా ఓడిపోయాను. 1900 తర్వాత ఎవరికీ కనబడక, పోయిందనే అనుకున్న పిట్ట 1986లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్‌తో కలిసి దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే స్థానికుడు. లంకమల పొదల్లో రాత్రిళ్లు తిరిగే ఆ పిట్టకు నా 125 మిల్లీమీటర్ల నోరు ఎందుకు పనికొస్తుంది? అక్కడ పనిచేసింది, దారి పక్కన వదిలేసిన ఆటోమేటిక్ కెమెరా. మనిషే లేని చోట పిట్ట తనంతట తాను దాని ముందుకు నడిచొచ్చింది. ఆ చిన్న పెట్టె అంటే నాకు గౌరవం.

నన్ను తగిలించే కెమెరా బాడీలు మారాయి. ఇప్పటి మిర్రర్‌లెస్ బాడీ పిట్ట కన్ను ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంటుంది, షట్టర్ చప్పుడూ లేదు. అడాప్టర్ తగిలించి నన్నూ దానికి జత చేశారు. నాకన్నా తేలికైన లెన్సులూ వచ్చాయి. కోస్తా తేమకు నా లోపల బూజు పట్టకుండా మాస్టారు సిలికా జెల్ పొట్లాలు మారుస్తూనే ఉన్నారు.

మొన్న చలికాలం పులికాట్‌లో పొడుగుముక్కు గాడ్‌విట్లు బురద కెలుకుతున్నాయి. ఒకదాని కాలికి, అది ఎక్కడెక్కడికి పోతుందో తెలియడానికి పరిశోధకులు కట్టిన చిన్న ప్లాస్టిక్ జెండా ఉంది. వెనకటి లోహపు ఉంగరాల అంకెలు చదవాలంటే పిట్ట చేతిలో ఉండాలి, లేదా చచ్చి దొరకాలి. మాస్టారు కదలకుండా కూర్చున్నారు. అది మేస్తూ మేస్తూ పక్కకి తిరిగింది. జెండా మీది అక్షరాలు నాలో నిలిచాయి. ఆ ఫోటోలో పిట్ట తల నీళ్లలో ఉంది, కాళ్లు బురదకొట్టుకొని ఉన్నాయి, ఏ ప్రదర్శనకూ పనికిరాదు. మాస్టారు దాన్నే ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. దానికి ఆ జెండా తమిళనాట కోడియక్కరైలో కట్టారని జవాబొచ్చింది. ఆ కాగితాన్ని ఆయన నా పెట్టె మూతకు లోపలివైపు అంటించారు.